నల్లగొండలో తిరిగిన చేయి డల్లాస్‌లో పనికొస్తుందా?

కట్టంగూర్ పోరగాడు
అందరికీ నమస్తే. వచ్చే నెల డల్లాస్ వెళ్తున్నా, ఆఫీసు ఇర్వింగ్‌లో. అక్కడ కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేవని మా బావ ఒకటే పోరు. కాలేజీ రోజుల నుంచి కారు నడుపుతున్నా, 65 నంబర్ హైవే మీద రాత్రీ పగలూ తిరిగినవాణ్నే. కుడి పక్కన నడపడం మీద యూట్యూబ్ నిండా వీడియోలు ఉన్నాయి, అవి చూసుకుంటా. నాకు కావాల్సింది వేరే. అక్కడికి వెళ్లాక మన చేతికీ కాలికీ అడ్డం పడే అలవాట్లు ఏంటి? ఇక్కడి నుంచే ఏవి మానుకుని రావాలి? ఐడీపీ, అదే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, తీసుకోవాలా? గల్ఫ్, లండన్ వాళ్లు కూడా రాయండి, మా తమ్ముడు దుబాయ్ అంటున్నాడు. వాడికి హెవీ లైసెన్స్ ఉంది.

క్లాక్‌టవర్ 05
తమ్మీ, సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్ దాటినోడు ప్రపంచంలో ఎక్కడైనా నడుపుతాడు. టెన్షన్ పడకు.

ఇర్వింగ్ నకిరేకల్
క్లాక్‌టవర్ అన్నా, పంతంగి మీద నాకూ గౌరవమే. కానీ ఈ మాట నమ్మి వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడుతున్నారు.

మన దగ్గర ఎట్లా నడుపుతాం? ఆటో ముందు చక్రం ఎటు తిరుగుతోంది, బైక్ మీద వెనక కూర్చున్నామె కొంగు సర్దుకుంటోందా లేక దిగబోతోందా, లారీ క్లీనర్ చేయి ఎటు ఊపుతున్నాడు, ఇవన్నీ చూసి నడుపుతాం. అవతలివాడు తగ్గితే మనం పోతాం, తగ్గకపోతే ఆగుతాం. ఇక్కడ ఎవరి వంతు ఎప్పుడన్నది ముందే తేలిపోయి ఉంటుంది. మన వంతు కానప్పుడు మనం ఆగుతామనే నమ్మకంతో ఎదుటివాడు బ్రేక్ మీద కాలు కూడా పెట్టడు. నువ్వు ఎంత బాగా తప్పించగలవో వాడికి అనవసరం.

ఫోర్ వే స్టాప్ సంగతే చూడు. కాలనీల్లో సిగ్నల్ లేని కూడలికి నాలుగు వైపులా ఎర్ర స్టాప్ బోర్డులు ఉంటాయి. గీత దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి, అర్ధరాత్రి ఎవరూ లేకపోయినా సరే. ముందు ఆగినవాడు ముందు పోతాడు. ఇద్దరు ఒకేసారి ఆగితే కుడి పక్కవాడికి దారి ఇవ్వాలి. పొద్దున స్కూళ్ల టైమ్‌లో మా కమ్యూనిటీ బయట ఇదే తంతు, ఒక్కో కారూ తన వంతుకు కదులుతుంటుంది, ఎక్కడా చప్పుడు ఉండదు. అక్కడికి కొత్తగా వచ్చిన మనవాడు చేరతాడు. తన వంతు వచ్చినా కదలడు, మర్యాదగా "మీరు వెళ్లండి" అని చేయి ఊపుతాడు. అవతలామె "నీదే, నువ్వెళ్లు" అన్నట్టు చేయి చూపిస్తుంది. ఇద్దరూ ఆగుతారు, ఇద్దరూ ఒకేసారి కదులుతారు, మళ్లీ ఇద్దరూ బ్రేక్ కొడతారు. మూడోవాడికి ఎవరు పోతున్నారో అర్థం కాదు. ఇక్కడ మర్యాద చూపించాలంటే నీ వంతు రాగానే కదిలిపోవాలి.

ఇంకోటి, ఇది టెక్సాస్ స్పెషల్. హైవే పక్కనే ఫ్రంటేజ్ రోడ్డు ఉంటుంది, మన సర్వీస్ రోడ్డు అనుకో. దాని మీద నువ్వు నేరుగా వెళ్తున్నా సరే, హైవే దిగి వచ్చేవాడికి నువ్వే దారి ఇవ్వాలి. మన దగ్గర సర్వీస్ రోడ్డు నుంచి ఎక్కేవాడూ దిగేవాడూ ఎవరి ధైర్యం కొద్దీ వాళ్లు దూరతారు. ఇక్కడ దిగేవాడు అరవై మైళ్ల స్పీడులో వస్తుంటాడు, అంటే మన లెక్కలో గంటకు దాదాపు 97 కిలోమీటర్లు.

జడ్చర్ల అమ్మాయి
నాది వేరే కథ. నాకు ఇండియాలో సైకిల్ తప్ప ఏమీ రాదు. పెళ్లయ్యాక డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చి, ఇక్కడే సున్నా నుంచి నేర్చుకున్నా. మా ఆయన పాలమూరులో ఏళ్ల తరబడి కారు నడిపినవాడు. ఇద్దరం పక్కపక్కన నేర్చుకుంటే నాకే తొందరగా వచ్చింది, ఎందుకంటే నాకు మానుకోవాల్సినవి లేవు. ఆయనకు స్టాప్ బోర్డు దగ్గర బండి ఆపడం కష్టంగా ఉండేది. ఆపేవాడు కాదు, బాగా తగ్గించి, అటూ ఇటూ చూసి పోనిచ్చేవాడు. మన దగ్గర అది జాగ్రత్తగా నడపడం కిందే లెక్క. ఇక్కడ టెస్టులో ఎగ్జామినర్ పక్క సీట్లో కూర్చుని చూసేది సరిగ్గా అదే.

ఎర్ర లైట్ పడ్డప్పుడు కుడికి తిరగొచ్చు, బోర్డు వద్దంటే తప్ప. కానీ ముందు పూర్తిగా ఆగి, నడిచేవాళ్లకూ అడ్డం వచ్చే బళ్లకూ దారి ఇచ్చాకే. ఇది మన ఫ్రీ లెఫ్ట్ అనుకుని ఆగకుండా తిరిగేవాళ్లు మస్తుమంది. న్యూయార్క్ సిటీలో అయితే బోర్డు ఉంటేనే తిరగాలి, లేకపోతే లేదు. కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది అక్కడికి మోసుకుపోకూడదు.

అన్నిటికంటే ముఖ్యం పసుపు రంగు స్కూల్ బస్సు. అది ఆగి, ఎర్ర లైట్లు ఆరుతూ వెలుగుతూ, పక్క నుంచి చిన్న స్టాప్ బోర్డు బయటికి వచ్చిందంటే వెనకవాళ్లే కాదు, ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఆగాలి. రోడ్డు మధ్యలో నిజంగా డివైడర్ ఉంటేనే ఎదురువాళ్లకు మినహాయింపు. మధ్యలో పసుపు గీతలు గానీ, తిరగడానికి వదిలిన లేన్ గానీ ఉంటే అది డివైడర్ కాదు. టెక్సాస్‌లో మొదటిసారి దొరికితేనే 500 నుంచి 1,250 డాలర్ల దాకా ఫైన్. మన దగ్గర బస్సు ఆగిందంటే పక్క నుంచి దాటెయ్యడమే కదా అలవాటు. ఆ ఒక్కటి ఇక్కడికి తేవద్దు తమ్ముడూ.

క్లాక్‌టవర్ 05
అంటే ఏందక్కా, మనకు డ్రైవింగ్ రాదంటారా అందరూ? నకిరేకల్ దాటాక రాత్రి పది గంటలకు వెనక లైటు లేని ట్రాక్టర్, దాని మీద రెండు పక్కలా బయటికి పొంగిన పత్తి బోరాలు. ఎదురుగా హైబీమ్. ఊళ్ల రోడ్ల మీదికి పోతే సగం రోడ్డు మీద వడ్లు, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. ఆ రాయి మీకు ఎప్పుడు కనబడుతుంది? దగ్గరికి వచ్చాక. మీ డల్లాసోణ్ని తెచ్చి ఈ రోడ్డు మీద వదలండి, గంట నడిపి చూపించమనండి.

ఇర్వింగ్ నకిరేకల్
నడపలేడు, ఒప్పుకుంటా. ఆ చూపు మనకే ఉంది, ఇక్కడ జింక అడ్డం వచ్చినప్పుడు అది పనికొస్తుంది కూడా. నేను అనేది ఇదీ అన్నా: నీ చూపుతో నువ్వు బతుకుతావు, బాగానే ఉంది. కానీ వెనకవాడికి నువ్వేం చేయబోతున్నావో తెలియాలి కదా.

లీడ్స్‌లో కోదాడ
యూకే సంగతి. ఎడమ పక్కనే కాబట్టి ఈజీ అనుకుని వస్తారు. చేతులకు ఈజీయే. తేడా వచ్చేది హెడ్‌లైట్ల దగ్గర.

44 నంబర్ హైవే మీద ఎదుటివాడు లైట్లు కొట్టాడంటే "నేను వస్తున్నా, ఆగు" అని. ఇక్కడ సన్న వీధిలో రెండు పక్కలా కార్లు పార్క్ చేసి ఉంటే ఎదుటివాడు ఆగి లైటు కొడతాడు, ఎక్కువసార్లు "నువ్వు రా" అని. మనవాడు ఆగిపోతాడు. వాడు మళ్లీ కొడతాడు. మనవాడు ఇంకా వెనక్కి పోతాడు. అదే మనవాడు తాను ముందు పోదామని లైటు కొడితే అవతలివాడు థాంక్స్ అని చేయెత్తి నేరుగా మీదికి వచ్చేస్తాడు. ఇంతకీ ఇక్కడి రోడ్డు రూల్స్ పుస్తకం హైవే కోడ్ ప్రకారం లైట్లు కొట్టేది నేనిక్కడ ఉన్నానని తెలపడానికి మాత్రమే, దారి ఇవ్వడానికీ కాదు, అడగడానికీ కాదు. అందుకే లైటు చూసి కదలొద్దు. అవతలి బండి నిజంగా ఆగిందా లేదా చూసుకుని కదలాలి.

రౌండబౌట్ దగ్గర కుడి నుంచి వచ్చేవాడికి దారి. జీబ్రా మీద కాలు పెట్టినవాడికి దారి. మన లైసెన్స్ మీద ఏడాది నడపొచ్చు, తర్వాత ఇక్కడి టెస్టు పాస్ కావాలి. థియరీలో 50కి 43 రావాలి, రోడ్డు టెస్టులో చిన్న తప్పులు 15 దాకా వదిలేస్తారు, పెద్దది ఒక్కటైనా ఇంటికే. వేల్స్ వైపు పోతే జాగ్రత్త, 2023 సెప్టెంబర్ నుంచి ఇళ్లున్న చోట చాలా రోడ్ల మీద 20 మైళ్లే.

మెల్‌బోర్న్ మిర్యాలగూడ
మా ఊళ్లో ట్రామ్‌ల వల్ల సిటీలో కొన్ని కూడళ్ల దగ్గర కుడికి తిరగాలంటే ఎడమ చివరి లేన్‌లోకి వెళ్లి ఆగాలి. హుక్ టర్న్ అంటారు. బోర్డు చూసి కూడా నమ్మబుద్ధి కాదు. అంతే, మిగతాదంతా బాగానే ఉంటుంది. చీకటి పడే వేళ ఊరి బయట కంగారూలు.

మక్తల్ ట్రెయిలర్
దుబాయ్ తమ్ముడి కోసం. ముందు ఇది చెప్పు వాడికి: మన హెవీ లైసెన్స్ చూపించి ఇక్కడ బండి ఎక్కనివ్వరు. వీసా మీద డ్రైవర్ అని రాసి ఉన్నా సరే, ఇక్కడి లైసెన్స్ వచ్చేదాకా డ్రైవర్ కాదు. ట్రైనింగ్ స్కూలు, థియరీ, యార్డు, రోడ్డు టెస్టు. ఫెయిలైతే మళ్లీ క్లాసులు, మళ్లీ ఫీజు. ఆ ఖర్చు కంపెనీ పెడుతుందా, జీతంలో కోస్తుందా? పాస్ అయ్యేదాకా జీతం ఎంత? ఈ రెండూ అగ్రిమెంట్ కాగితం మీద ఉండాలి. ఏజెంట్ నోటిమాట లెక్కలోకి రాదు. ఏజెంట్ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూసుకోవాలి. హైదరాబాద్‌లో విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ కూడా అడగమను. మా పాలమూరులో అప్పు చేసి వచ్చి, లైసెన్స్ రాక హెల్పర్‌గా మిగిలిపోయినవాళ్లను చూశా, అందుకే గట్టిగా చెబుతున్నా.

ఇక రోడ్డు. ఎడమ చివరి లేన్ స్పీడోళ్లది. వెనక నుంచి లైట్లు కొడితే ఈగోకు పోవద్దు, ఇండికేటర్ వేసి కుడికి జరగాలి. కారుతో రెడ్ సిగ్నల్ దాటితే 1,000 దిర్హామ్‌లు, 12 బ్లాక్ పాయింట్లు, బండి కూడా లోపల పెడతారు. 24 పాయింట్లు అయితే లైసెన్స్ సస్పెండ్. దుబాయ్‌లో బోర్డు మీదున్న స్పీడుకు పైన 20 కిలోమీటర్ల దాకా కెమెరా కొట్టదు. అబుదాబిలో ఆ వెసులుబాటు 2018 ఆగస్టులోనే తీసేశారు, బోర్డు మీద ఎంతుంటే అంతే. పొద్దున దుబాయ్‌లో, మధ్యాహ్నం అబుదాబిలో తిరిగే డ్రైవర్‌కు ఇది బుర్రలో ఉండాలి.

చలికాలం తెల్లవారుజామున పొగమంచు వస్తుంది. మనవాళ్లు వెంటనే హజార్డ్ లైట్లు నాలుగూ వేసుకుని నడుపుతారు. మన దగ్గర కూడలిలో నేరుగా పోవడానికి కూడా వేస్తారు కదా, అదే అలవాటు. ఇక్కడ పోలీసులు వద్దంటారు, ఎందుకంటే నాలుగూ వెలుగుతుంటే బండి ఆగి ఉందో నడుస్తుందో వెనకవాడికి తెలియదు, నువ్వు లేన్ మారుతున్నా తెలియదు.

టైరు గురించి ఒక్క మాట. పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. గీతలు ఇంకా అరగలేదు కదా అని పాత టైరుతో ఎండాకాలం లాంగ్ పోవద్దు. ఆ వేడికి పేలుతుంది.

కట్టంగూర్ పోరగాడు
మక్తల్ అన్నా, నీ పోస్టు మా తమ్ముడికి ప్రింట్ తీసి ఇస్తున్నా. వాడి ఏజెంట్ టెస్టు సంగతే ఎత్తలేదు. నకిరేకల్ అన్నా, పోలీసులు ఆపితే ఎట్లా? మన దగ్గర బండి పక్కన పెట్టి, కాగితాలు పట్టుకుని సార్ దగ్గరికి నడిచిపోతాం.

ఇర్వింగ్ నకిరేకల్
ఆ నడిచిపోవడమే వద్దు! వెనక ఎర్ర, నీలం లైట్లు కనబడితే ఇండికేటర్ వేసి కుడి పక్కకు ఆపు. దిగొద్దు. అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా పెట్టుకుని కూర్చో. రాత్రయితే లోపల లైటు వెయ్యి. వినయం చూపిస్తున్నా అనుకుని మన పెద్దమనుషులు డోర్ తీసి దిగుతారు, ఇక్కడ దాన్ని వేరేగా చూస్తారు. కాగితాలు డాష్‌బోర్డు అరలో ఉంటే, ఆయన అడిగాక "అందులో ఉన్నాయి, తీస్తున్నా" అని చెప్పి తియ్యాలి. బతిమాలడం, తెలిసినవాళ్ల పేర్లు చెప్పడం, చేతిలో ఏదైనా పెట్టబోవడం అసలే వద్దు. టికెట్ ఇస్తే తీసుకుని, ఏమైనా చెప్పుకోవాలంటే కోర్టులో చెప్పుకోవచ్చు.

వేరేవాణ్ని రోడ్డు పక్కన ఆపి పోలీసు బండి లైట్లు వెలుగుతుంటే, ఆ పక్క లేన్ వదిలి అవతలికి జరగాలి. కుదరకపోతే బాగా తగ్గించాలి. అమెరికా అంతటా ఈ చట్టం ఉంది.

దేవరకొండ డిపో రిటైర్డ్
బాబూ, నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి దిగినవాణ్ని. ప్లానోలో మా అబ్బాయి దగ్గరికి వచ్చి ఉన్నాను. నడపను, పక్క సీట్లో కూర్చుని చూస్తుంటాను. మా కోడలికి అదే టెన్షన్.

హారన్ గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను ఒకటే అంటాను. శ్రీశైలం రూట్‌లో దోమలపెంట మలుపుల దగ్గర హారన్ కొట్టకపోవడం తప్పు. అక్కడ అది ఎదుటివాడి ప్రాణం కాపాడే పని. ఇక్కడ మలుపుల్లేవు, కొట్టేదేదైనా ఎదుటివాణ్ని తిట్టినట్టే ఉంటుంది. కొట్టవద్దు.

నాకు నచ్చింది లేన్ మారే పద్ధతి. అద్దం చూసి ఊరుకోరు, ఇండికేటర్ వేసి, మెడ తిప్పి భుజం మీదుగా చూసి అప్పుడు మారతారు. మేము బస్సులో అద్దాన్నే నమ్ముకున్నాం, కండక్టర్ విజిల్‌ను నమ్ముకున్నాం. అద్దంలో కనబడని చోటు ప్రతి బండికీ ఉంటుంది. నువ్వు ఈ నెలంతా కట్టంగూర్ నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడే ఇది మొదలుపెట్టు. ముందు బండికి కనీసం మూడు సెకన్ల దూరం కూడా ఉంచు. ఆ సందులోకి ఎవడో ఒకడు దూరతాడు, దూరనీ. మళ్లీ దూరం ఉంచు.

మన రూల్ పుస్తకంలోనూ ఇలాంటివి ఉన్నాయి నాయనా. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్ చదివితే తెలుస్తుంది. చదివి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లు ఎందరో నన్ను అడగవద్దు.

జడ్చర్ల అమ్మాయి
అంకుల్, మీ కోడలి టెన్షన్ నాకు అర్థమైంది :) మా మామయ్య కూడా పక్కన కూర్చుని లేని బ్రేక్ తొక్కుతుంటారు.

తమ్ముడూ, చిన్న గుర్తు ఒకటి. దాదాపు ఏ దేశంలో అయినా డ్రైవర్ సీటు రోడ్డు మధ్య గీత వైపు ఉండాలి. ఖాళీ పార్కింగ్ నుంచి, పెట్రోల్ బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడే చాలామంది పాత వైపుకు తిరుగుతారు, ముందు వేరే బండి ఉండదు కాబట్టి. ట్రాఫిక్‌లో ఎవరూ మర్చిపోరు. ఇండికేటర్ వెయ్యబోతే వైపర్ తిరుగుతుంది, దానికి కంగారు పడకు, కొన్నాళ్లు అందరికీ తిరుగుతుంది.

క్లాక్‌టవర్ 05
సరే, వాదన పక్కన పెట్టి పనికొచ్చేది చెబుతా. ఐడీపీకి ఏజెంట్ అక్కర్లేదు. రవాణా శాఖ సైట్‌లో స్లాట్ తీసుకో, ఫారం 4ఏ, లైసెన్స్, పాస్‌పోర్ట్, వీసా కాపీ పట్టుకుని నీ అడ్రస్ ఉన్న ఆఫీసుకు పో. నీకు నల్లగొండే. ఫీజు వెయ్యి రూపాయలు, పైన సర్వీస్ చార్జీ. ఏడాది చెల్లుతుంది, ఈలోపు అసలు లైసెన్స్ గడువు అయిపోతే అంతటితో ఇదీ పోతుంది. ఒట్టి ఐడీపీ చూపిస్తే చెల్లదు, పక్కన అసలు కార్డు ఉండాలి. లైసెన్స్ మీద పేరు, పాస్‌పోర్ట్ మీద పేరు ఒక్కటేనా చూసుకో. ఇంటిపేరు ఒక దాంట్లో పూర్తిగా, ఒక దాంట్లో పొడి అక్షరం ఉండి ఆగం అయినవాళ్లు మన జిల్లాలో చాలామంది.

ఇర్వింగ్ నకిరేకల్
ఇది బంగారం లాంటి మాట అన్నా.

ఇంకోటి, తిరిగి ఊరికి వచ్చినప్పటి సంగతి. ఇక్కడ అలవాటు పడ్డాక సెలవుకు వచ్చి శంషాబాద్‌లో దిగగానే స్టీరింగ్ పట్టుకోవద్దు. నిద్ర చాలకపోవడం ఒకటి. రెండోది, చిట్యాల దగ్గర ఎవరో రోడ్డు దాటబోతుంటే నీ కాలు దానంతటదే బ్రేక్ మీదికి పోతుంది. ఇక్కడైతే అది సరైన పని. అక్కడ వెనక లారీవాడు నువ్వు ఆగుతావని కలలో కూడా అనుకోడు. దాటేవాడు కూడా నువ్వు ఆగవనే లెక్కతో ఆగి ఉంటాడు. కాబట్టి ముందే తగ్గించుకుంటూ, బ్రేక్ లైటు రెండుసార్లు కనబడేలా నొక్కి, వెనక చూసుకుని ఆగాలి. ఊళ్లో మొదటి కొన్ని రోజులు తమ్ముళ్లను నడపనివ్వు.

కట్టంగూర్ పోరగాడు
అందరికీ థాంక్స్. చివరి డౌట్: అక్కడ దిగగానే టెక్సాస్ లైసెన్స్‌కు ఏం చెయ్యాలి? నాకు 27.

జడ్చర్ల అమ్మాయి
ఇక్కడ స్థిరపడటానికి వచ్చినవాళ్లు 90 రోజుల్లోపు అప్లై చెయ్యాలి. 25 దాటింది కాబట్టి ఆరు గంటల క్లాసు నీకు తప్పనిసరి కాదు, కానీ ఐటీఏడీ అని గంట వీడియో కోర్సు ఉంటుంది, అది ఆన్‌లైన్‌లోనే. దాని సర్టిఫికెట్ 90 రోజులే చెల్లుతుంది, కాబట్టి రోడ్డు టెస్టు స్లాట్ దొరికాక చూడు. స్లాట్లు దూరంగా దొరుకుతాయి, వచ్చిన వారమే వెతకడం మొదలుపెట్టు. రాత పరీక్షలో 30కి 21 చాలు. రోడ్డు టెస్టుకు కారు మనమే తీసుకెళ్లాలి, ఇన్సూరెన్స్ కాగితంతో సహా. మీ బావ కారు అయితే లైట్లు, హారన్ అన్నీ పనిచేస్తున్నాయో లేదో ముందు రోజే చూసుకోండి. ప్యారలల్ పార్కింగ్ తప్పకుండా అడుగుతారు, అది మన దగ్గర ఎవరూ నేర్పరు. నల్లగొండలో ఉండగానే ఎక్కడైనా ఖాళీ స్థలంలో రెండు డ్రమ్ములు పెట్టుకుని ప్రాక్టీస్ చెయ్యి.

క్లాక్‌టవర్ 05
డ్రమ్ములు నేను పంపిస్తా తమ్మీ, ఆదివారం పొద్దున మైదానం దగ్గరికి రా.